ఆయనగారి ‘ఆయన’

"ఆయన పోయిండు," అన్నాడు యాదగిరి ఫోన్లో.

యాదగిరికి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. మిల్లు నడుస్తుండగానే ఫోన్ చేస్తాడు కాబట్టి ఏ సంగతైనా అరిచి చెప్పడం అలవాటు. చావు కబురు కూడా వడ్ల ధర చెప్పినట్టే చెప్పాడు.

నేను అప్పుడు సూర్యాపేట మార్కెట్ యార్డులో, గేటుకు అడ్డంగా ఆగిపోయిన కందుల లారీ ముందు నిలబడి, డ్రైవరుకూ హమాలీలకూ మధ్య రాయబారం నడుపుతున్నాను. అదే నా ఉద్యోగం. "పోయి నూరేండ్లు దాటె గదా యాదన్నా, ఇప్పుడెందుకు చెప్తున్నవ్?" అన్నాను.

"గా ఆయన గాదు తమ్మీ. మన ఆయన. సారు."

లారీ గట్టిగా హారన్ కొట్టింది. సారు ఉంటే సందర్భశుద్ధి లేని హారన్ అనేవారు. సారు లెక్కలో మా ప్రాంతంలో సందర్భశుద్ధి ఉన్న శబ్దం ఒక్కటీ లేదు.

ఈ పొరపాటుకు నేను బాధ్యుణ్ణి కాను. సారు చాలా ఏళ్ళుగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో నెలకో ఊరు చొప్పున ఒక ఇటలీ స్వరకర్త మీద ఉపన్యాసాలూ పుస్తక చర్చలూ పెడుతూ వచ్చారు. ఆ స్వరకర్త ఒపెరాలు రాశాడు. రాసి, మా జిల్లాకు ఏ హానీ తలపెట్టకుండా, ఎప్పుడో చనిపోయాడు. ఇన్నేళ్ళలో సారు అతని పేరు ఒక్కసారి కూడా పలకలేదు. వెనకటి ఇల్లాళ్ళు మొగుడి పేరు చెప్పాల్సి వస్తే తల కొంచెం వంచి, గొంతు తగ్గించి "ఆయన" అనేవారే, సరిగ్గా అలా అనేవారు. కొత్తవాడెవడైనా పేరడిగితే, "పేరు పెట్టి పిలవడానికి ఆయన నీ క్లాస్‌మేటా?" అని గద్దించేవారు. ఎవరి గురించి విన్నామో తెలియకుండానే విని వెళ్ళినవాళ్ళు మూడు ఊళ్ళలోనూ ఉన్నారు. నాకు తెలుసు, నేను ఆ సభల కార్యదర్శిని. ఇప్పుడు చెప్పడం మర్యాద కాదు.

ఒపెరా అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. అది ఇటలీవాళ్ళ పద్యనాటకం. మాటలు తక్కువ, పాట ఎక్కువ, చావడానికి చాలాసేపు పడుతుంది. ఈ వాక్యం సారు బతికుండగా రాసి ఉంటే నా కార్యదర్శి పదవి ఆ రోజే ఊడేది. ఎన్నోసార్లు రాయాలనిపించింది కూడా అందుకే.

అసలు చిక్కు వేరే ఉంది. సారు ఇంట్లో, సారు భార్యకు సారు కూడా ‘ఆయనే’. ఆమెను మేమంతా మేడం అంటాం. లెక్చరర్‌ను చేసుకున్న ఆడమనిషి మేడం కావడం మా దగ్గర ఆచారం, దానికి వేరే అర్హతలు అడగరు. ఒక ఆదివారం, సభకు కుర్చీల సంగతి మాట్లాడదామని వాళ్ళింటికి వెళ్ళాను. మేడం వరండాలో కూర్చుని గోకరకాయలు తుంచుతోంది.

"సారున్నరా మేడం?"

"ఉన్నరు. ఆయన ఆయనతోని ఉన్నరు. కూసో."

కిటికీలోంచి చూశాను. సారు పడక కుర్చీలో ఉన్నారు. బయట ఎండకు కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి గాని సారు మెడకు ఉన్ని మఫ్లర్ ఉంది. అది యూరప్ గొంతుకు రక్షణ. ఆ గొంతు సారుకు ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒక పదవీ విరమణ సన్మానంలో శాలువాతో పాటు వచ్చి ఉంటుందని నా అనుమానం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మూసిన కళ్ళు. చెంపల మీదుగా కన్నీళ్ళు జారి మఫ్లర్‌లో ఇంకుతున్నాయి. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప మరేమీ లేదు.

"సూసినవా?" అంది మేడం, తల ఎత్తకుండానే. "రోజూ గంతే. నాకు ఏడుపు కనపడతది, పాట ఇనపడదు."

"అడగకపోయిండ్రా?"

"అడగకుండ ఉంటనా? జర నాకు సుత ఇనిపియ్యరాదా అన్న. నీకు అర్థం గాదన్నరు. అర్థం గాకుంటే గాకపాయె, గాలి లెక్క వచ్చి పోతది, మీదేం పాయె అన్న. ముందు నేపథ్యం తెల్వాలన్నరు." ఒక గోకరకాయను అవసరానికి మించిన బలంతో తుంచింది. "లగ్గమైన కాడికెళ్ళి నా మొఖం సూసి ఒక్కపారి గట్ల కండ్లకు నీళ్ళు వెట్టుకోలే. ఆఖరికి మా అమ్మ సచ్చినప్పుడు సుత గడియారం సూసుకుంట కూసున్నరు. గా తీగలల్ల ఏమున్నదో నాకు తెల్వాలె గదా? ఇనకుంటే సస్తనా, సావను. గానీ ఇనాలె."

కుర్చీల సంగతి ఆ రోజు తేలలేదు.

సారు మాకు డిగ్రీలో చరిత్ర చెప్పారు. చరిత్రనంతా ఇటలీ మీదుగా చెప్పేవారు. కాకతీయుల దాకా వచ్చేసరికి పరీక్షలు వచ్చేవి. రిటైరయ్యాక ఇటలీ మీదుగా ఎక్కడికీ రావలసిన అవసరం లేకపోయింది. సభలు మొదలుపెట్టారు. పాత విద్యార్థుల్లో కాదనడం చేతకానివాణ్ణి వెతికి కార్యదర్శిని చేశారు. కార్యదర్శి విధులు మూడు: కుర్చీలు, మైకు, చప్పట్లు మొదలుపెట్టడం.

సభ ఎప్పుడూ ఒకే తీరున జరిగేది. బల్ల మీద చిన్న నీలం స్పీకర్ పెట్టి దాని మీద తువ్వాలు కప్పేవారు. పెళ్ళికూతురు ముఖం ముందే కనిపించకూడదన్నట్టు. పక్కన ఫోను. ఆ పక్కన, ఆయన గురించి ఇంగ్లీషులో రాసిన ఇటుకరాయంత పుస్తకం. సారు లేచి, ఆయన గొప్పతనం గురించి మాట్లాడి, "ఇప్పుడు మనం ఆయన్ని విందాం" అనేవారు. మేం సర్దుకుని కూర్చునేవాళ్ళం. సారు కుడిచేయి ఫోను దాకా వెళ్ళేది. వెళ్ళి, అక్కణ్ణుంచి పైకి లేచేది, బస్సును ఆపే కండక్టర్ చేయిలా. "కానీ దానికి ముందు..." అనేవారు. ఆ చేయి బస్సును ఆపడమే గాని రైట్ చెప్పడం నేను చూడలేదు.

దానికి ముందు ఆయన బాల్యం ఉండేది. ఆయన పుట్టిన ఊరు, ఆ ఊరి చర్చి గంట, ఆ గంట ఆయన చెవిన పడిన తీరు. గంట దాటాలంటే మాకే గంట పట్టేది. తర్వాతి సభలో, కొత్తవాళ్ళెవరో వచ్చారని చెప్పి, మళ్ళీ గంట దగ్గర మొదలుపెట్టేవారు. లోకానికి అన్నేసి ఒపెరాలు ఇచ్చిన మనిషి మా మూడు ఊళ్ళలో మీసాలు కూడా రాని పిల్లవాడిగానే చాలాకాలం ఉండిపోయాడు. ఈలోగా ఆఖరి బస్సు వేళ అయ్యేది. పాట మాత్రం సాగర్ కాలువ చివరి భూములకు నీళ్ళు వచ్చినట్టు వచ్చేది. అంటే, వస్తుందని అందరూ చెప్పేవారు.

ఇక పుస్తక చర్చ. పుస్తకం చదివినవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవడమే పుస్తక చర్చ అని నేను అనుకునేవాణ్ణి. సారు దగ్గర రెండు నియమాలుండేవి. చదవని పుస్తకం మీద అభిప్రాయం చెప్పడం కుసంస్కారం. తన పుస్తకం ఇంకొకరికి ఇవ్వడం అజాగ్రత్త. ఈ రెంటి మధ్యా చర్చ ప్రశాంతంగా జరిగిపోయేది. పుస్తకంలో గుర్తుకోసం ఒక ఆర్టీసీ టికెట్ ఉండేది. మొదటి సభలో అది ఎక్కడ ఉందో చివరి సభలోనూ అక్కడే ఉంది. బహుశా అక్కడే గంట మోగి ఉంటుంది.

ఇంత జరుగుతున్నా మేం ఎందుకు వెళ్ళేవాళ్ళమని అడగవచ్చు. యాదగిరి సంగతి చెప్తాను. ఎవరి పెళ్ళిలోనో ఒక పెద్దమనిషి అతన్ని "బియ్యం గాక ఇంకేం అభిరుచి మీకు?" అని అడిగాడు. యాదగిరి చాలాసేపు ఆలోచించి "తౌడు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు లోపల దిగబడి, మర్నాడే వచ్చి సంఘంలో చేరాడు. అప్పటినుంచి మిర్యాలగూడ సభలన్నీ అతని ఖర్చు, అతని మిరపకాయ బజ్జీలు.

కోదాడ సభ ఒకటి మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. సారు కాగితం మీద స్వహస్తాలతో ‘ఒపెరాపై అవగాహన సదస్సు, ప్రవేశం ఉచితం’ అని రాసి ఫ్లెక్సీ షాపుకు పంపించారు. ఆ షాపతనికి తెలుగు భాష మీద అభిమానం ఎక్కువ. చదువుకున్న సారు ఇంత తప్పు రాశాడేమిటని నొచ్చుకుని, మాతో చెప్పి సిగ్గుపెట్టడం ఇష్టంలేక, తనే దిద్దేశాడు. హైవే పక్క లాడ్జి ముందు ఫ్లెక్సీ లేచింది: ‘ఆపరేషన్‌పై అవగాహన సదస్సు. ఉచితం.’ కింద మఫ్లర్‌తో సారు ఫోటో, జలుబు చేసిన కంటి డాక్టర్‌లా.

ఆ రోజు హాల్లో కుర్చీలు చాలలేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళు, పాత దవాఖాన చీటీలు పట్టుకున్నవాళ్ళు, ఉపవాసంతో రమ్మన్నారా తిని రమ్మన్నారా అని నన్నడిగేవాళ్ళు. నేను సారు చెవిలో జరిగింది చెప్పాను. సారు నిండిన హాలువంక చూశారు. సారు ముఖంలో నేనెప్పుడూ చూడని కాంతి ఒకటి వచ్చింది.

"వచ్చినవాళ్ళు వచ్చారు," అన్నారు. "సంస్కారం ఎవరికి ఏ దారిన వస్తుందో మనం చెప్పగలమా?"

చెప్పగలిగేవాణ్ణి, చెప్పలేదు. సారు ఆ జనానికి చర్చి గంట వినిపించారు, అంటే నోటితో. గంట రెండోసారి మోగుతుండగా మోతె నుంచి వచ్చిన ఒక ముసలామె ముందు వరుసలో లేచి నిలబడింది.

"కండ్లు ఎప్పుడు సూస్తవు బిడ్డా?"

"కళ్ళు కాదమ్మా. చెవులు. మన చెవులు బాగుపడాలి."

"నా చెవులకేమైంది? దేవుని దయతోని మంచిగనే ఉన్నయి. ఏందో పాట పాట అంటివి గదా, ఇనిపియ్యి."

"వినిపిస్తానమ్మా. కానీ దానికి ముందు..."

"ముందు లేదు ఎనుక లేదు, నా బస్సు పోతది. ఇనిపిస్తవా, పోవాల్నా?"

సారు చేయి పైకి లేచింది. ముసలామె ఆ చేతిని కాసేపు చూసి, "గీ సారుకు సుత ఏదో ఆపరేషన్ చెయ్యాలె," అని పక్కామెతో అని వెళ్ళిపోయింది. ఆమె వెంట సగం హాలు లేచింది. గోడ పక్కన ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మేడం, తలుపు దాకా ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

"ఆమెకు బస్సున్నది," అంది నాతో.

ఆ సభలోనే సుబ్బారావుగారు మాకు దొరికారు. కోదాడలో బ్యాంకు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, కంటి శుక్లం చూపించుకుందామని వచ్చి, బజ్జీలో పప్పులో ఏమీ లేకపోయినా చివరిదాకా కూర్చున్నారు. వయసులో ఉండగా పద్యనాటకాల్లో రాజు వేషాలు వేశారు. రాజుల కంటే ఎక్కువగా చచ్చిపోయే రాజుల వేషాలు. తర్వాతి నెల నుంచి మూడు ఊళ్ళకూ వచ్చేవారు. సారు ఆ మధ్య ఎలాగో బాల్యం దాటి, ఒక ఒపెరాలో నాయిక చచ్చిపోతూ పాడే పాట దగ్గరకు వచ్చారు. అదీ చెప్పడమే, వినిపించడం కాదు. సుబ్బారావుగారు చెయ్యెత్తారు.

"మాస్టారూ, చిన్న సందేహమండీ. ఆ అమ్మాయి అంత బాగా పాడి చచ్చిపోతే, జనం వన్స్ మోర్ అనరాండీ?"

సారు ముఖం పుల్లటి చింతకాయ కొరికినట్టయింది. "ఏమిటీ?"

"వన్స్ మోరండీ. మా నాటకాల్లో పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు గదా. చచ్చినవాడు లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. నేనోసారి ఎన్నిసార్లు చచ్చానో నాకే తెలీదండీ. ఆఖరికి నన్ను చంపేవాడు నా చెవిలో, ‘బావా, గదెత్తీ ఎత్తీ భుజం పోయింది, ఈసారికి నువ్వే చచ్చిపో’ అన్నాడు."

యాదగిరి పగలబడి నవ్వాడు. మేడం కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. సారు నవ్వు ఆగేదాకా నిలబడ్డారు. తర్వాత మఫ్లర్ సర్దుకుని ఒక్కొక్క మాటా బల్ల మీద పెట్టినట్టు అన్నారు.

"మీ దగ్గర చచ్చినవాడు లేచి కూర్చుంటాడు. అది మీ సంస్కారం. ఒపెరాలో చచ్చిన మనిషి చచ్చినట్టే ఉంటాడు. అది సంస్కారం."

సుబ్బారావుగారు "అంతేనండి, అంతేనండి" అంటూ కూర్చున్నారు. పాపం, అన్ని యుద్ధాల్లో చచ్చినా ఆ మనిషి అంత చచ్చినట్టు ఎప్పుడూ కూర్చుని ఉండడు. తర్వాతి సభ నుంచి, సారు ఆజ్ఞ మేరకు, సభ మొదట్లో నేనొక ప్రకటన చదవవలసి వచ్చింది: ‘సభలో ఎవరూ వన్స్ మోర్ అనరాదు.’ వినిపించని పాటకు వన్స్ మోర్ అనరాదని సభాముఖంగా ప్రకటించిన కార్యదర్శి చరిత్రలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మిర్యాలగూడలో జరిగిన చివరి సభ కూడా ఆ చావు పాట మీదే. యాదగిరి మిల్లు పక్క గది. కిటికీలు మూసినా సన్నటి తౌడు దుమ్ము వచ్చి బజ్జీల మీద వాలుతోంది. ఆ అమ్మాయి ఎలా దగ్గుతుందో, దగ్గుకూ దగ్గుకూ మధ్య స్వరం ఎలా నిలబడుతుందో సారు చాలాసేపు చెప్పారు. చెబుతూ చెబుతూ సారు గొంతు నిజంగానే వణికింది. మేడం మంచినీళ్ళ గ్లాసు తీసుకుని బల్ల దగ్గరకు వెళ్ళింది. గ్లాసు పెట్టింది. వెనక్కి రాలేదు. తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టింది. ఫోను మీద, రోజూ కిటికీలోంచి చూసి నేర్చుకున్నదాని లాగా, వేలు ఆనించింది.

పాట మొదలైంది.

నాకు సంగీతం తెలియదు, అందుచేత వర్ణించను. ఒక ఆడగొంతు సన్నగా, ఎక్కడో పక్కింట్లో ఎవరో తనలో తాను పాడుకుంటున్నట్టు వచ్చింది. యాదగిరి నోటి దాకా తీసుకెళ్ళిన బజ్జీ అక్కడే ఆగింది. సుబ్బారావుగారు కళ్ళు మూసుకున్నారు. గోడ అవతల మిల్లు తన పని తాను చేసుకుంటూ కింది శ్రుతి వేసింది. ఆ గొంతు ఒక మెట్టు ఎక్కి, ఇంకో మెట్టు మీద కాలు పెట్టబోతుండగా సారు వేలు పడింది. పాట ఆగిపోయింది.

"ఇక్కడ మనం గమనించవలసింది ఏమిటంటే..."

"మీరు జర ఊకోండ్రి," అంది మేడం.

యాదగిరి చేతిలోని బజ్జీ పళ్ళెంలోకి దిగింది. మేడం ఆగలేదు.

"ఆమెను పాడనియ్యుండ్రి. సచ్చిపోతుంది గదా. సచ్చేటామెను సుత ఆపుతరా?"

సారు ఆమె వంక చూశారు. మా వంక చూశారు. ఇన్నేళ్ళ సభల్లో పుస్తక భాష తప్ప మాట్లాడని మనిషి, ఆ ఒక్కసారి మైకు ముందు మా భాషలోకి దిగారు. "ఇంటికి వోయినంక ఇనిపిస్త తియ్యి," అన్నారు. ఫోను జేబులో పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణం యాదగిరి కారులో. నేను ముందు సీట్లో. వెనక ఇద్దరి మధ్యా ఫ్లాస్కు కూర్చుంది. సూర్యాపేట లైట్లు కనపడుతుండగా మేడం అడిగింది. "ఇప్పుడు ఇనిపిస్తరా?"

"వినిపిస్తాను. కానీ దానికి ముందు నీకు నేపథ్యం తెలియాలి," అన్నారు సారు. "ఆయన పుట్టిన ఊళ్ళో ఒక చర్చి ఉండేది..."

యాదగిరి అద్దంలోంచి నన్ను చూశాడు. నేను కిటికీలోంచి రోడ్డు చూశాను. మేడం ఫ్లాస్కును ఒళ్ళోకి తీసుకుంది. ఆ తర్వాత కొన్ని వారాలకు, యార్డులో ఉండగా నాకు యాదగిరి ఫోను.

నేను లారీని వదిలేసి వాళ్ళింటికి వెళ్ళేసరికి సారును కింద పడుకోబెట్టారు. మఫ్లర్ తీసేశారు. అది లేకుండా సారు మెడ అందరి మెడలాగే ఉంది. యూరప్ ఎటు పోయిందో తెలియలేదు. మేడం పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి, వచ్చినవాళ్ళందరికీ చెప్పిన మాటే కాబోలు, చెప్పింది.

"పొద్దుగాల చాయ్ వెట్టి పిలిచిన. పలకలే. ఆయన ఆయనతోని ఉన్నరనుకున్న. చాయ్ సల్లగైంది. మల్ల వెచ్చవెట్టి తెచ్చి చెయ్యి వట్టుకుంటె గప్పుడు తెలిసింది." దుప్పటి అంచు సర్ది, "తీగలు చెవులల్లనే ఉన్నయి. నేనే తీసిన," అంది.

తీసినప్పుడు లోపల పాట ఇంకా నడుస్తోందో లేదో అడగాలనిపించింది. అడగలేదు.

సంతాప సభ సూర్యాపేటలో, ఎప్పుడూ సభలు పెట్టే మేడ మీది గదిలోనే పెట్టాం. ఫ్లెక్సీలో ప్రతి అక్షరం నేనే దగ్గరుండి చూసుకున్నాను. మళ్ళీ ఆపరేషన్ అని పడితే, ఈసారి అది ఫెయిలైందని కూడా చదువుకునే ప్రమాదం ఉంది. బల్ల మీద దండ వేసిన ఫోటో. మఫ్లర్ ఉన్న ఫోటోయే. లేకపోతే ఎవరూ గుర్తుపట్టరు.

బతికున్నప్పుడు ఒక్క సభకూ రాని ముగ్గురు పెద్దలు వచ్చి మాట్లాడారు. వాళ్ళలో ఒకరు, సారు మన జిల్లా చెవుల్లో పాశ్చాత్య సంగీతామృతాన్ని ధారలుగా పోశారన్నారు. ఆ చెవుల్లో చర్చి గంట తప్ప ఏమీ పడలేదని నాకు తెలుసు గాని, చప్పట్లు మొదలుపెట్టడం నా విధి. మొదలుపెట్టాను. యాదగిరి లేచి, మైకును వడ్ల బస్తాలా రెండు చేతులా పట్టుకుని, "సారు లేకపోతే నాకు బియ్యం తప్ప ఏం తెల్వకపోవు," అన్నాడు. కాసేపు ఆలోచించాడు. "ఇప్పుడు సుత బియ్యమే తెలుసు. గానీ తెల్వదని తెలిసింది. గంతే." ఆ రోజు సభలో పడిన నిజం అదొక్కటే.

సుబ్బారావుగారు మాట్లాడనన్నారు. మౌనం పాటించాం. పెద్దలు ముగ్గురూ మరో సంతాపం ఉందని వెళ్ళిపోయారు. మిగిలింది మేమే. అప్పుడు మేడం సంచీలోంచి నీలం స్పీకర్ తీసి ఫోటో ముందు పెట్టింది. తువ్వాలు లేదు. ఫోను నా చేతికిచ్చింది.

"దీంట్ల ఏది గా పాటనో సూసి వెట్టు."

చూశాను. కిందికి జరిపాను. పైకి జరిపాను. వెతకవలసిన పని లేదు. అన్ని ఒపెరాల గురించి అన్నేళ్ళు మాట్లాడిన మనిషి ఫోన్లో ఉన్నది ఒకే ఒక్క పాట. ఆ చావు పాట. ఆయన తాలూకు సమస్త సంగీత సామ్రాజ్యంలోనూ సారు కాపురం ఉన్నది ఆ ఒక్క గదిలోనే. అందులోకి ఇంకొకరు వస్తే తనకు చోటు చాలదనుకున్నారేమో. ఇంత చిన్న గదికి అంత పెద్ద అర్హత పరీక్ష పెట్టిన మనిషిని నేనింకొకణ్ణి చూడలేదు.

"ఒకటే ఉంది మేడం," అన్నాను.

"ఒకటేనా?" అంది. ఫోటో వంక చూసింది. "పెట్టు."

పెట్టాను. ఈసారి ఆపే చేయి లేదు. ఆ గొంతు మిర్యాలగూడలో ఆగిపోయిన మెట్టు ఎక్కింది. ఇంకోటి ఎక్కింది. కింద రోడ్డు మీద ఆటోవాడెవడో మోతె, మోతె అని అరుస్తున్నాడు. గొంతు కాసేపు ఆ అరుపు పక్కనే నడిచి, తర్వాత అతన్ని వదిలేసి పైకి వెళ్ళిపోయింది. మేడం చేతులు ఒళ్ళో పెట్టుకుని, దవాఖానలో పేరు పిలిచేదాకా ఎదురుచూసే మనిషిలా, ముందుకు వంగి వింది. పాట సన్నబడింది. ఆగింది. పాడే ఆమె చచ్చిపోయిందని మాకందరికీ తెలిసింది. నేపథ్యం ఎవరూ చెప్పలేదు.

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియలేదు. సంతాప సభలో పాట బాగుంటే ఏం చేయాలో మా సంఘానికి నియమం లేదు.

"గింతేనా?" అంది మేడం.

నా చేతిలోని ఫోను వంక చూసింది.

"గింతసేపే ఉన్నది. నేను అన్నం వార్చేటంత సేపు లేదు." చెంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో ఏమిటో నేను చూడలేదు. "మంచిగనే ఉన్నది. ఇంత మంచిగున్నదాన్ని పెట్టుకొని..." మాట అక్కడ వదిలేసింది. ఫోటో వంక మళ్ళీ చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"సుబ్బారావుగారూ, మీరేదో అంటరు గదా."

సుబ్బారావుగారు కంగారుగా లేచారు. "నేనేం అన్లేదమ్మా."

"గదే. సచ్చినోళ్ళను లేపే మాట."

ఆయన నా వంక చూశారు. కార్యదర్శిని నేను. గొంతు సవరించుకుని, సభాముఖంగా, వెనకటి ప్రకటన రద్దయిందని చెప్పాను. సుబ్బారావుగారు పంచె ఎగదోసుకున్నారు. ఛాతీ నిండా గాలి పీల్చారు. ఎన్నేళ్ళుగా లోపల కూర్చోబెట్టిన రాజో, ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"వన్స్ మోర్!"

కిటికీ రెక్కలు అదిరాయి. కింద ఆటోవాడు అరవడం ఆపాడు. నేను ఫోను మీద వేలు పెట్టాను.

చచ్చిపోయిన ఆమె లేచి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. మేడం ముందుకు వంగింది. ఫోటోలో సారు మాత్రం, ఎంతైనా సంస్కారవంతులు, చచ్చినట్టే ఉన్నారు.